మూడు గడియారాల్లో మధ్యది

"ఆరింటికి రమ్మన్నారు నాన్న."

"ఎందుకు?"

స్టేషన్ వెనక గదిలో బల్లకి అవతల కూర్చున్న అమ్మాయి ఈ ప్రశ్నకి మాత్రం తలెత్తింది. నిన్న సాయంత్రం నుంచి పోలీసులు ఆమెని ఎప్పుడు వచ్చావని అడిగారు, దేనితో కొట్టావని అడిగారు, తలుపు తాళం నీ దగ్గర ఎందుకుందని కూడా అడిగారు. నాన్న ఎందుకు పిలిచాడని ఎవరికీ అడగబుద్ధి కాలేదు.

అడిగినావిడకి కాలేజీ మొత్తం కలిసి పెట్టిన పేరు ఎందుకమ్మ. ముప్పై ఏళ్ళు తర్కశాస్త్రం చెప్పి, రిటైరయ్యాక వంట నేర్చుకుందామనుకుని, అది కుదరక నేరాల మీద పడ్డారు. ఈ అమ్మాయి నాన్న, చనిపోయిన మాస్టారు, ఆవిడా ఒకే వరండాలో ఉద్యోగం చేసినవాళ్ళు. ఈ ఉదయం చీర మడతలు సరిగ్గా కుదరకపోయినా పట్టించుకోకుండా వచ్చేశారంటే, అదే ఆవిడ ఏడుపు.

"అమ్మ గడియారం తీసుకెళ్ళమని పిలిచారు ఆంటీ," అంది అమ్మాయి. "లెక్కల డిగ్రీ మధ్యలో వదిలేసి కళ్ళజోళ్ళ షాపు పెట్టుకున్నానని ఆరేళ్ళు మాట్లాడలేదు కదా. మొన్న ఫోన్ చేసి, 'నీ షాపులో గోడ ఖాళీగా ఉందా?' అన్నారు. అంతే. బాగున్నావా అని కూడా అనలేదు. నాన్నకి అదే బాగున్నావా అనడం."

"నువ్వు లోపలికి వెళ్ళేసరికి?"

"కింద పడి ఉన్నారు. పక్కన కవర్ల మీద సీలు కొట్టే ఇనప ముద్ర. ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉంది. లేపి కూర్చోబెడదామని చూశాను. నాన్న ఎంత బరువో నాకు తెలీనే తెలీదు ఆంటీ. ఎప్పుడూ ఆయనే నన్ను ఎత్తుకున్నారు గానీ..."

ఎందుకమ్మ మంచినీళ్ళ గ్లాసు ఆమె వైపు జరిపారు. అమ్మాయి తాగలేదు. గ్లాసుని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

"ఆ గడియారం ఒక్కటి ఇప్పిస్తారా? అది టైము చూసుకోడానికి పనికిరాదు. పాతిక నిమిషాలు వెనక. అమ్మే అలా పెట్టింది. నాన్న టిఫిన్ నోట్లో పెట్టుకుంటూనే కాలేజీకి పరిగెత్తేవారట. వెనక్కి తిప్పితే ఇంకో పాతిక నిమిషాలు కూర్చుంటారని. ఆయనకి మొదటిరోజే తెలిసిపోయింది. తెలిసీ కూర్చునేవారు. అమ్మ పోయాక డిపార్టుమెంటుకి పట్టుకెళ్ళి పెట్టుకున్నారు. బ్యాటరీ మార్చినప్పుడల్లా మళ్ళీ పాతిక నిమిషాలు వెనక్కి తిప్పేవారు. ఎవర్నీ ముట్టుకోనిచ్చేవారు కాదు."

తలుపు తెరుచుకుంది. ఇన్‌స్పెక్టర్ తన చేతి వాచీ వైపు చూపించాడు.

"మీ టైము అయిపోయింది మేడమ్."

"నా టైము ఎప్పుడో అయిపోయింది నాయనా. నీ తొందరేంటో చెప్పు."

ఇతను ఒకప్పుడు ఎందుకమ్మ విద్యార్థి. తర్కశాస్త్రంలో ముప్పై నాలుగు మార్కులు తెచ్చుకున్నాడు. పాసు కావాలంటే ముప్పై అయిదు. ఆ ఒక్క మార్కు ఆవిడ వెయ్యలేదు, అతను మర్చిపోలేదు. ఇద్దరూ ఎదురుపడినప్పుడల్లా ఆ మార్కు మూడో మనిషిలా వచ్చి మధ్యలో నిలబడుతుంది.

"సాయంత్రానికి అరెస్టు చూపిస్తాను," అన్నాడు వరండాలోకి నడుస్తూ. "మాస్టారి గదికి వరండా వైపు తలుపు మూస్తే దానంతటదే తాళం పడుతుంది, బయటి నుంచి తాళంచెవి లేకుండా తెరుచుకోదు. హంతకుడు ఎవరైనా, వాడి దగ్గర తాళంచెవి ఉండి తీరాలి. ఈ అమ్మాయి దగ్గర ఉంది. చిన్నప్పటిదట. ఇంకేం కావాలి?"

"హంతకుడైతే తాళంచెవి ఉంటుంది, బాగుంది. తాళంచెవి ఉంటే హంతకుడవుతాడా? దీన్ని ఏమంటారో చెప్పు."

ఇన్‌స్పెక్టర్ నడక ఆపాడు. "విపర్యయం. తిరగేసి చెప్పడం."

"మూల ప్రవచనం, నువ్వన్న మొదటి మాట, నిజమైతే విపర్యయం కూడా నిజం కావాలా?"

"అక్కర్లేదు. పరీక్షలో రాయలేకపోయాను గానీ ఇప్పుడు వచ్చు మేడమ్. అయితే నా దగ్గరున్నది తాళంచెవి ఒక్కటే కాదు. డిపార్టుమెంటు టైపిస్టు కూడా ఉంది. మాస్టారి గదిలోంచి దబ్బుమని చప్పుడు ఆరూ పదికి వినిపించిందని చెప్పింది. ఈ అమ్మాయి ఆరింటికి గేటు లోపలికి వచ్చినట్టూ, ఆరూ పన్నెండుకి కేకలు పెడుతూ గేటు దగ్గరికి పరిగెత్తినట్టూ కెమెరాలో ఉంది. తాళాలున్న మిగతావాళ్ళంతా ఆరింటి నుంచి ప్రిన్సిపాల్ గదిలో మీటింగులో కూర్చున్నారు. ఆరూ పదికి ఆ గదిలో ఇంకెవరున్నారు, మీరే చెప్పండి."

"మాస్టారు పోయినవారం నాకు ఫోన్ చేశారు. డిపార్టుమెంటులో ఒకరి పరిశోధన లెక్కలు మరీ బుద్ధిగా ఒకే గీత మీద కూర్చున్నాయన్నారు. నిజం లెక్కలు అలా కూర్చోవు, కొన్నయినా అల్లరి చేస్తాయి అన్నారు. వాడి నోటితోనే ఒప్పుకునేలా చేస్తానన్నారు."

"పేరు?"

"చెప్పలేదు. వాడే వచ్చి చెప్తాడని ఎదురుచూశారు."

ఇన్‌స్పెక్టర్ ఈసారి మెత్తగానే అన్నాడు. "పేరు లేకుండా నేనేం చెయ్యను మేడమ్. రండి, గది చూడండి. మీ తృప్తి కోసం."

గణాంక శాస్త్రం డిపార్టుమెంటు రెండో అంతస్తు చివర. ముందు అందరూ కూర్చునే హాలు, దానికి ఎడమ పక్క టైపిస్టు గది, కుడి పక్క మాస్టారి గది. మాస్టారి గదికి పోలీసులు సీలు వేశారు. హాలుకి వెయ్యలేదు. అక్కడ గోడ మీద మూడు గడియారాలు వరసగా తిరుగుతున్నాయి, యజమాని పోయిన సంగతి ఇంకా ఎవరూ చెప్పనట్టు.

ఒకటి కాలేజీ ఇచ్చింది. ఒకటి పాత విద్యార్థులు బహుమతిగా ఇచ్చింది. మూడోది, చెక్క చట్రంది, మాస్టారి భార్యది. మూడూ ఒకే టైము చూపించిన రోజు చరిత్రలో లేదు. మొదటి రెండిట్లో ఈ నెల ఒకటి ముందుంటే వచ్చే నెల రెండోది ముందుంటుంది. ఏది తీసేసినా ఎవరో ఒకరు బాధపడతారని మాస్టారు మూడిటినీ ఉంచి ఒక పద్ధతి పెట్టారు. మూడు టైములూ చూడాలి, అన్నిటికన్నా ముందున్నది వదిలెయ్యాలి, అన్నిటికన్నా వెనకున్నది వదిలెయ్యాలి, మధ్యది తీసుకోవాలి. పాఠంలో దాని పేరు మధ్యగతం. కాలేజీలో అది ఆయన ముద్దుపేరు కూడా. 'మధ్యగతం మాస్టారు' అని పిల్లలు వెనకాల అంటే ఆయన వెనక్కి తిరిగి 'ఏం?' అనేవారు.

కొత్తగా చేరినవాళ్ళు మొదటివారం నవ్వుకుంటారు. రెండోవారానికి వాళ్ళ కళ్ళూ అలవాటుగా మధ్యదాన్నే పట్టుకుంటాయి. ప్రశ్నపత్రాలు తయారుచేసే ఈ రోజుల్లో అయితే అందరి ఫోన్లూ వాచీలూ గేటు దగ్గరే ఇచ్చేసి రావాలి. టైపిస్టు దగ్గరున్న కంప్యూటరు నెట్ తీగ తగిలించనిది. దానికి ప్రతి ఉదయమూ అదేదో సంవత్సరం జనవరి ఒకటో తారీకే. కాబట్టి ఆ అంతస్తు మొత్తానికి టైము అంటే ఆ గోడే.

పోలీసుతో వచ్చినందుకు గేటు దగ్గర ఎవరూ అడగని తన వాచీని ఎందుకమ్మ చూసుకున్నారు. పదకొండూ ఇరవై. కాలేజీ గడియారం సరిగ్గా పదకొండూ ఇరవై. విద్యార్థులది పదకొండూ ముప్పై అయిదు. చెక్కది పదకొండూ పది.

"మేడమ్..."

మాస్టారి మొదటి శిష్యుడు ఎదురొచ్చాడు. ఇప్పుడు ఆయన తర్వాతి స్థానంలో ఉన్న లెక్చరరు. అందరూ వారసుడంటారు, మాస్టారి అమ్మాయి అన్నయ్య అంటుంది. రాత్రంతా నిద్రపోనట్టు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వంగి పాదాలు ముట్టుకోబోతే ఎందుకమ్మ భుజం పట్టి ఆపారు.

"చెల్లెల్ని ఎప్పుడు వదులుతారు మేడమ్? వదిలితే ఎవరో ఒకరు ఉండాలి కదా. నేను కారు తీసుకుని స్టేషన్ దగ్గర కూర్చుంటాను. సాయంత్రమైనా సరే." అతని చూపు గోడ మీదికి పోయింది. "ఆ గడియారం పట్టుకెళ్ళొచ్చా? నిన్న పొద్దున్న సారు ఎంత సంతోషపడ్డారో. 'మా అమ్మాయి ఆరింటికి వస్తుందర్రా, గడియారం తీసుకెళ్తుంది' అని అటెండరుకి కూడా చెప్పారు. తనకి ఇచ్చేస్తే..."

ఇన్‌స్పెక్టర్ భుజాలెగరేశాడు. సీలు వేసిన గదిలోది కాదు, అతనికి అభ్యంతరం లేదు.

"తీసుకెళ్ళు బాబూ," అన్నారు ఎందుకమ్మ. "టైము సరిచెయ్యకు. అది వెనకే ఉండాలట."

"తెలుసు మేడమ్. పది నిమిషాలు. ఇన్నేళ్ళు చూడలేదా!"

కుర్చీ ఎక్కి గడియారం దించాడు. చట్రం మీది దుమ్ము చొక్కా చేత్తో తుడిచాడు. గుండెకి ఆనించుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. గోడ మీద దాని ఆకారంలో తెల్లటి మచ్చ మిగిలింది.

టైపిస్టు యాభై దాటిన మనిషి. ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడింది. ఎదురుగా నిలబడ్డ పోలీసుని చూసి మళ్ళీ మొదలుపెట్టబోయింది.

"అతన్ని చూడకమ్మా, నన్ను చూడు," అన్నారు ఎందుకమ్మ. "దబ్బుమని వినగానే ఎందుకు లేచి వెళ్ళలేదు?"

"సారు పుస్తకాల కట్టలు అలాగే పడేస్తారండీ. పడేసి, 'ఏం కాలేదు, నేనే' అంటారు. నిన్న ఆ మాట అనలేదు. నేను... నేను పట్టించుకోలేదండీ." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"గడియారం ఎందుకు చూశావు?"

"ఆరున్నరకి నా బస్సు. చూశాను. ఆరూ పది."

"ఒక్కో గడియారం ఎంత చూపించింది?"

టైపిస్టు తెల్లబోయింది. "మధ్యది ఆరూ పదండీ."

"మిగతా రెండూ?"

"వదిలేసినవి ఎవరు గుర్తుపెట్టుకుంటారండీ! అందుకే కదా వదిలెయ్యడం."

ఇన్‌స్పెక్టర్ నవ్వు ఆపుకున్నాడు. ఎందుకమ్మకి నవ్వు రాలేదు.

"సరే. చప్పుడయ్యాక ఎంతసేపటికి అమ్మాయి కేక వినిపించింది?"

"పేజీ మొత్తం కొట్టానండీ. అన్నీ గుర్తులూ సూత్రాలూ ఉన్న పేజీ. పది నిమిషాలైనా పడుతుంది. ఈ సారుకి చెప్పాను కూడా."

ఎందుకమ్మ మెల్లిగా ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగారు. "చెప్పిందా?"

"భయంలో రెండు నిమిషాలు పది నిమిషాల్లా అనిపిస్తాయి మేడమ్. ఆరూ పదికి చప్పుడు, ఆరూ పన్నెండుకి అమ్మాయి గేటు దగ్గరుంది. మధ్యలో పది నిమిషాల పేజీ ఎక్కడ పడుతుంది? కుదరదని వదిలేశాను."

"కుదరకపోతే వదిలేశావు. నువ్వూ ఈ డిపార్టుమెంటు వాడివైపోయావు నాయనా. భయం ఎక్కడిది? చప్పుడు విన్నప్పుడు ఈవిడ భయపడలేదు. పుస్తకాలనుకుని టైపు చేసుకుంది. భయం కేక విన్నాక మొదలైంది. పేజీ నిజం. మరి నీ ఆరూ పది సంగతేంటి?"

ఎందుకమ్మ నోటీసు బోర్డు దగ్గరికి నడిచారు. పోయిన నెల వీడ్కోలు ఫోటో పిన్నులతో గుచ్చి ఉంది. నలభై మంది పిల్లలు, మధ్యలో మాస్టారు, నవ్వుదామా వద్దా అన్నట్టు. వాళ్ళ తలల పైన మూడు గడియారాలు. ఆవిడ కళ్ళద్దాలు పైకి తోసి, ముక్కు ఫోటోకి తగిలేంత దగ్గరికి వంగారు.

"ఇలా రా. చదువు. చెక్కది."

"మూడూ ముప్పై అయిదు."

"మధ్యది?"

"నాలుగు." అతను ఆగాడు. "పాతిక నిమిషాల తేడా."

"కాలేజీది ఇప్పుడు నా వాచీతో సరిగ్గా నడుస్తోంది. విద్యార్థులది పావుగంట ముందుంది. చెక్కది ఇందాక పదే నిమిషాలు వెనకుంది. పాతిక ఉండాల్సింది పది ఎలా అయింది? ఎవరో దాన్ని కదిపారు, మళ్ళీ సర్దారు. ఎందుకు?"

తన ప్రశ్నకి తనే సమాధానం చెప్పడం ఆవిడకి పాత అలవాటు. బల్ల మీద మూడు చాక్‌పీసులు వరసగా పెట్టారు.

"అసలు టైము ఆరుకి అయిదు నిమిషాలు తక్కువ అనుకో. కాలేజీది అదే చూపిస్తుంది. విద్యార్థులది ఆరూ పది. చెక్కది అయిదున్నర. మధ్యది ఏది?"

"కాలేజీది. సరైన టైము."

"ఇప్పుడు చెక్కదాన్ని ఆరున్నరకి తిప్పాను." చివరి చాక్‌పీసుని ఎత్తి ముందుకి పెట్టారు. "చివరన ఉండేది అందరికన్నా ముందుకొచ్చింది. ఇప్పుడు మధ్యలో ఎవరు?"

ఇన్‌స్పెక్టర్ చాక్‌పీసుల వైపు చూస్తూ ఉండిపోయాడు. "విద్యార్థులది. ఆరూ పది."

"మూడిట్లో ఒక్కదాన్ని ముట్టుకుంటే చాలు. ఈవిడ అబద్ధం చెప్పలేదు. పద్ధతి ప్రకారమే చూసింది. మాస్టారు పడిపోయింది ఆరుకి అయిదు నిమిషాల ముందు. అప్పటికి ఆ పిల్ల ఇంకా గేటు లోపలికే రాలేదు. ఆరూ అయిదుకి గదిలోకి వచ్చింది, చూసింది, కేక వేసింది. పది నిమిషాల పేజీ పట్టిందా లేదా?"

టైపిస్టు కుర్చీలో కూలబడింది. "అంటే నేను లేచి వెళ్ళుంటే..."

"లేదమ్మా," అన్నారు ఎందుకమ్మ. అది నిజమో కాదో ఆవిడకీ తెలియదు. కొన్ని ప్రవచనాలకి నిజమా అబద్ధమా అని చూడకూడదు.

ఇన్‌స్పెక్టర్ అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు. "గడియారం ఆ అమ్మాయే తిప్పిందేమో."

"తిప్పితే తను గేటు లోపల ఉన్న టైముకే నేరాన్ని జరుపుకుంటుందా? సరే, తిప్పిందనే అనుకో. తనే తిప్పితే, తిరిగి సర్దేటప్పుడు పాతిక నిమిషాలు వెనక పెట్టేది. ఆ పాతికలో వాళ్ళమ్మ ఉంది. పాతిక పెట్టలేదు. కాబట్టి?"

"తను తిప్పలేదు." అతను ఊపిరి వదిలాడు. "ప్రతివర్తితం. మూలం నిజమైతే ఇది మాత్రం ఎప్పుడూ నిజమే."

"ముప్పై అయిదు. పాసయ్యావు."

ఇన్‌స్పెక్టర్ మొహంలో ఒక్క క్షణం ఇరవయ్యేళ్ళ కుర్రాడు కనిపించి మాయమయ్యాడు. ఫోన్ తీసి స్టేషన్‌కి చేశాడు. "ఆ అమ్మాయిని పంపించెయ్యండి. అవును, ఇప్పుడే. ఫోనూ అవీ ఇచ్చెయ్యండి."

ఎందుకమ్మ కుర్చీలో కూర్చున్నారు. ఉదయం నుంచి కూర్చోవడం ఇదే మొదలు. ఒకప్పుడు ఇదే హాల్లో ఆయనా ఆవిడా నిరూపణల మీద దెబ్బలాడుకునేవారు. ఓడిపోయినవాళ్ళు టీ పెట్టాలి. ఆయన టీ బాగా పెట్టేవారు, అలవాటు మీద. ఇప్పుడు ఆవిడ గెలిచారు. టీ పెట్టే మనిషి లేడు.

"కాదని తేల్చారు," అన్నాడు ఇన్‌స్పెక్టర్ మెల్లిగా. "అవును అనేది ఎవరి గురించి?"

"ఈ పద్ధతి తెలిసినవాడు. అమ్మాయి ఆరింటికి వస్తుందని తెలిసినవాడు. ఆరింటికి ప్రిన్సిపాల్ గదిలో కూర్చుని, గోల వినగానే అందరితో పరిగెత్తుకొచ్చి, ఆ గందరగోళంలో గడియారం సర్దినవాడు. కానీ ఎంత వెనక పెట్టాలో తెలియలేదు. చివరన ఉండేదని తెలుసు. ఎంత చివరనో ఎప్పుడూ చూడలేదు. రోజూ ఆ గోడ కింద పనిచేసిన మనిషి, రోజూ దాన్ని వదిలేసిన మనిషి." ఆవిడ టైపిస్టు వైపు తిరిగారు. "నీకు తెలుసా, అది ఎంత వెనకో?"

"వెనకని తెలుసండీ. ఎంతంటే... లేదండీ. ఎవరికీ తెలీదు."

"నాకూ తెలీదు. ఏళ్ళ తరబడి చూశాను. ఈ ఉదయం ఆ పిల్ల చెప్తేనే..."

ఎందుకమ్మ గోడ మీది తెల్లటి మచ్చ వైపు చూశారు.

*తెలుసు మేడమ్. పది నిమిషాలు. ఇన్నేళ్ళు చూడలేదా!*

"పది అన్నాడు," అన్నారు, తనతో తనే మాట్లాడుకుంటున్నట్టు. "ఇన్నేళ్ళూ అది పాతిక. నిన్న సాయంత్రం నుంచే పది."

ఇన్‌స్పెక్టర్‌కి ఎవరి గురించో చెప్పక్కర్లేకపోయింది. అయినా చివరి ప్రయత్నం చేశాడు. "ఇందాక గోడ చూసి చెప్పాడేమో. అదొక్కటీ కోర్టులో సరిపోదు."

"సరిపోదు. కోర్టు సంగతి తర్వాత చూద్దాం. అతను కారు తీసుకుని ఎక్కడికి వెళ్ళాడు?"

ఇద్దరూ ఒకర్నొకరు చూసుకున్నారు. ఇన్‌స్పెక్టర్ వేలు అప్పటికే ఫోన్ మీద ఉంది. అవతలి గొంతు స్పీకర్లో ఉత్సాహంగా పలికింది.

"పంపించేశాం సార్. మీరు చెప్పగానే. లెక్చరరు గారు బయటే కారులో ఉన్నారు, ఆయనే ఎక్కించుకున్నారు. పాపం ఆ పిల్ల వొళ్ళో గోడ గడియారం పెట్టుకుని ఏడుస్తూనే ఉంది సార్."

ఎందుకమ్మ లేచి నిలబడ్డారు. తప్పు ఎక్కడుందో ఆవిడకి కనిపిస్తోంది. నిరూపణలో లేదు. వరసలో ఉంది. ఎవరు చేశారో తేలకముందే ఎవరు చెయ్యలేదో తేల్చి, ఆ పిల్లని చేతులారా బయటికి పంపించారు.

ఈ ఊళ్ళో మధ్యది వదిలేసి చివరిదాన్ని చూసే మనిషి ఒక్కర్తే. ఆ గడియారం ఆమె వొళ్ళో ఉంది.

"ఆ అమ్మాయి నంబరు," అన్నారు. "తొందరగా. దాని గురించి నోరెత్తొద్దని చెప్పాలి."

నాలుగోసారి మోగాక ఫోన్ ఎత్తింది. వెనక కారు ఇంజను చప్పుడు.

"ఆంటీ, నేనే చేద్దామనుకుంటున్నాను." ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతులో నిన్నటి నుంచి లేని చురుకుదనం ఏదో వచ్చింది. "అమ్మ గడియారం ఎవరో కదిపారు. పదే నిమిషాలు వెనకుంది. నాన్న అలా ఎప్పటికీ పెట్టరు. ఇప్పుడే అన్నయ్యని అదే అడుగుతున్నాను..."

"అమ్మా, మాట్లాడకు. విను..."

వెనక ఇంజను చప్పుడు తగ్గుతూ తగ్గుతూ వచ్చి ఆగిపోయింది. కారు నిలబడింది. ఆ నిశ్శబ్దంలో గడియారం టిక్కు టిక్కుమనడం ఎందుకమ్మకి స్పష్టంగా వినిపించింది.

"అదేంటన్నయ్యా," అంటోంది అమ్మాయి, ఫోన్లో కాదు, పక్కకి తిరిగి. "ఇక్కడ ఆపావేంటి?"